పిల్లికి పారాసెటమాల్ వేస్తే ఆ విషం పాలతో విరగదు

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు, బరువు 4 కిలోలు. నిన్న రాత్రి ఒళ్లు వేడిగా అనిపించి 500 మి.గ్రా. పారాసెటమాల్ మాత్రలో సగం వేశాం. పొద్దుటికి మొహం వాచింది, చొంగ కారుస్తోంది. ఎలర్జీయా? పాలు తాగిస్తే తగ్గుతుందా? మిగతా సగం ఎప్పుడు వేయాలి?

జవాబు: మిగతా సగం వేయొద్దు. ఇంకా ఆసుపత్రికి వెళ్లకపోతే, చదవడం ఇక్కడే ఆపి ముందు బయల్దేరండి.

ఈ మందును మార్చి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. కిలో బరువుకు 10 మి.గ్రా. కూడా కొన్ని పిల్లులకు ప్రమాదమే. మీరు వేసింది కిలోకు 60 దాటింది. దాంతో హిమోగ్లోబిన్ పాడై ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. పై పెదవిని బొటనవేలితో కాస్త ఎత్తి చూడండి. చిగుళ్లు గులాబీ రంగు పోయి చాక్లెట్ రంగుకు తిరిగితే రక్తం అప్పటికే దెబ్బతిన్నట్టు. మామూలుగా ఉన్నాయని మాత్రం ఆగొద్దు. మొహం వాపు ఒక్కటి చాలు నాకు టెన్షన్ పుట్టడానికి.

మింగిన కాసేపటికే తీసుకొస్తే వాంతి చేయించే వీలుంటుంది. మీ విషయంలో ఆ సమయం దాటిపోయి ఉంటుంది. ఇక ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు, ఆక్సిజన్, సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించడం. విరుగుడు ఒక్క డోసుతో అయిపోదు, గంటల తేడాతో చాలాసార్లు ఇవ్వాలి. ఎంతవరకు కోలుకుంటుందో పరీక్షించిన డాక్టరే చెప్పగలరు.

పాలు దీనికి విరుగుడు కాదు. ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలే పట్టించొద్దు, పిల్లులకు అవి మరో ముప్పు.

అసలు జ్వరం ఉందని ఎలా అనుకున్నారు? పిల్లి మామూలు ఉష్ణోగ్రతే సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటర్ పెట్టకుండా మాత్ర వేయడం ఒక తప్పు, వేశాక తెల్లారేదాకా చూడటం అంతకన్నా పెద్ద తప్పు. చిన్నపిల్లల జ్వరం సిరప్‌లోనూ, చాలా జలుబు మాత్రల్లోనూ ఉండేది ఇదే మందు.

వెళ్లేటప్పుడు స్ట్రిప్పు తీసుకెళ్లండి. ఏ టైముకు, ఎంత వేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని ‘ఏ మందూ వేయలేదు’ అనేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆ మాట వల్ల విరుగుడు ఆలస్యమవుతుంది.