బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర మానేయొచ్చా?

మీ నాన్నగారు బీపీ 128/82 వచ్చింది, తలనొప్పి కూడా లేదంటూ మాత్రలు మానేశారని రాశారు. ఆ 128 మాత్ర వేసుకుంటున్నందుకు వచ్చిన అంకె అండీ! మానేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది. కొన్ని రకాల మాత్రలైతే ఉన్నట్టుండి ఆపితే ఒక్కసారిగా ఎగబాకుతుంది. వెంటనే ఆయన డాక్టర్‌తో మాట్లాడించండి.

తలనొప్పి లేకపోవడం లెక్కలోకి రాదు. బీపీ ఉన్న చాలామందికి పైకి ఏమీ తెలియదు. లోపల రక్తనాళాలు గట్టిపడతాయి, గుండె కండరం మందమవుతుంది, కిడ్నీల్లో వడపోసే సన్న నాళాలు దెబ్బతింటాయి, కంటి రెటీనా కూడా. తీరా తెలిసేసరికి పక్షవాతమో గుండెపోటో వచ్చి ఉంటుంది.

ఇంట్లో చూసేటప్పుడు కాఫీ తాగి అరగంట దాటాలి. వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూడండి. ఇంట్లో సగటున 135/85, ఆ పైన వస్తుంటే ఎక్కువే.

మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నారేమో అడగండి. అవి బీపీ పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. ఇది చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ లోపు. ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలూ అందులోకే వస్తాయి (మా ఇంట్లో గొడవంతా ఇక్కడే).

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా బీపీ చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.