చిన్న కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ రోహిత్,

మీ అమ్మ ఫోన్ చేసి నీకు నాలుగు మంచి మాటలు చెప్పమంది, అంటే వద్దని చెప్పమని. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డివిజన్ త్రీ, అంటే ఆటల్లో మూడో శ్రేణి కాలేజీల్లో, అసిస్టెంట్ కోచ్‌గానే తల నెరిసినవాణ్ణి, వద్దని చెప్పే మొహం నాకెక్కడిది? చెయ్యి. కాకపోతే నువ్వు ఊహించుకుంటున్న ఉద్యోగం ఒకటి, అక్కడ చెయ్యాల్సింది ఇంకొకటి, అది తెలిసి దిగు.

చిన్న కాలేజీలో కోచ్ పని ముప్పాతిక వంతు పిల్లల్ని తెచ్చుకోవడమే. డివిజన్ త్రీలో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, మార్కుల్ని బట్టీ ఇంటి ఆదాయాన్ని బట్టీ వచ్చే సాయమే దిక్కు. పైగా చాలా చిన్న ప్రైవేటు కాలేజీలు ఫీజుల మీదే బతుకుతాయి, ఫుట్‌బాల్ ఆడటానికని ఓ వంద మంది చేరారంటే అడ్మిషన్స్ ఆఫీసుకి పండగే. మ్యాచ్‌లు ఓడితే రెండేళ్ళు ఓర్చుకునే కాలేజీ ప్రెసిడెంటు కూడా ఆగస్టులో కొత్తవాళ్ళు సగమే వచ్చారంటే ఓర్చుకోడు.

ఎవరింట్లోనో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటావు. అబ్బాయి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, తండ్రి నీ డిఫెన్స్ గురించి అడుగుతాడు, తల్లి మాత్రం కాలేజీ ఎంత సాయం ఇస్తుందో రాసిన ఎయిడ్ లెటర్ ముందు పెట్టుకుని పెన్నుతో ఒక్కో లైనూ చూసుకుంటూ వస్తుంది: ఇది తిరిగి కట్టక్కర్లేని గ్రాంటా, అప్పా, నాలుగేళ్ళూ ఇస్తారా, మార్కులు తగ్గితే పోతుందా? ఆవిడకి సరిగ్గా జవాబు చెప్పగలిగినవాడికే పిల్లాడు దక్కుతాడు. కాబట్టి ఆట ఎత్తులు రాసుకునే ప్లేబుక్ ఎంత చదువుతావో ఫైనాన్షియల్ ఎయిడ్ రూల్సూ అంత చదువు. అప్పుని సాయంలా చూపించి తెచ్చావనుకో, ఏడాది తిరక్కుండా తెలిసిపోతుంది, ఆ హైస్కూల్ కోచ్ మళ్ళీ నీ ఫోన్ ఎత్తడు.

మొదట గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే మాస్టర్స్ చదువుతూ కోచ్‌లకి సాయం చేసేవాడిగా, చేరతావు. మాస్టర్స్ ఫీజు తగ్గుతుంది, చేతికి ఏదో కాస్త వస్తుంది. శనివారం మ్యాచ్, ఆదివారం పొద్దున్నే వీడియో ముక్కలు చేసి కూర్చోవాలి, మధ్యలో జెర్సీలు ఉతికేదీ నువ్వే కావచ్చు. దసరా, దీపావళి సీజన్‌లోనే వస్తాయి, రాలేనని మీ అమ్మకి ఇప్పుడే చెప్పేసెయ్.

పైకి ఎక్కడం గురించి అడిగావట. ఎక్కొచ్చు. కేలెన్ డిబోర్ సౌత్ డకోటాలో సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో 67 మ్యాచ్‌లు గెలిచి 3 మాత్రమే ఓడాడు, 2024లో ఫుట్‌బాల్‌కి పెద్ద పేరున్న అలబామా యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. లాన్స్ లైపోల్డ్ విస్కాన్సిన్ వైట్‌వాటర్ అనే డివిజన్ త్రీ కాలేజీలో ఆరు జాతీయ టైటిళ్ళు గెలిచి, బఫెలో మీదుగా కాన్సాస్ అనే పెద్ద యూనివర్సిటీకి చేరాడు. కానీ నాకు నచ్చే మనిషి జాన్ గాగ్లియార్డి. మిన్నెసోటాలో సెయింట్ జాన్స్ కాలేజీలో 1953 నుంచి 2012 దాకా కదల్లేదు, మొత్తం 489 విజయాలు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరికీ అన్ని లేవు. ప్రాక్టీసులో ఒకర్నొకరు పట్టి పడగొట్టడం, అంటే టాకిల్, చెయ్యనిచ్చేవాడు కాదు, విజిల్ ఊదేవాడు కాదు, పిల్లలు తనని కోచ్ అనకుండా జాన్ అనే పిలవాలి. అరిస్తేనే కోచ్ అనుకునే కుర్రాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఉన్నచోటే ఉండిపోవడం చేతకానితనం అనుకోకు, కాకపోతే ఊరు నచ్చాలి, రేపు నీ భార్యకి అక్కడ ఉద్యోగం దొరకాలి.

ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు మూడు అడుగు: పోయినేడు చేరినవాళ్ళలో ఈ ఏడు ఎంతమంది మిగిలారు, ఫుల్‌టైమ్ అసిస్టెంట్లు ఎందరు, రిక్రూటింగ్ ప్రయాణాలకి కారు కాలేజీదా నీదా. ఇవి చెప్పడానికి నీళ్ళు నమిలితే ఆ చోటు వదిలెయ్.

జనవరిలో కోచ్‌ల కన్వెన్షన్ ఉంటుంది, హోటల్ లాబీ నిండా నీలాంటి కుర్రాళ్ళే. రెజ్యూమె ఒక్క పేజీ దాటనివ్వకు. ముందు నాకు పంపు, ఎర్ర పెన్నుతో తిప్పి పంపిస్తా.

మీ మావయ్య