ఎక్కడ వేసిన గొంగళి అక్కడే: బ్రిటన్ పెన్షన్ గురించి తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వూ మరదలూ గుంటూరు వచ్చేద్దామనుకుంటున్నారని తెలిసి సంతోషించాను. ఇల్లు, బ్యాంకు, డాక్టరు లాంటివి ఇక్కడికి వచ్చాకైనా సర్దుకోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే స్టేట్ పెన్షన్ సంగతి మాత్రం లెస్టర్‌లో ఉండగానే తేల్చుకోవాలి. ఇక్కడికి వచ్చాక దిద్దుకోలేని పొరపాట్లు అందులో రెండు మూడున్నాయి.

మొదట అసలు మెలిక. బ్రిటన్‌లో ఉండేవాళ్ల పెన్షన్ ఏటా ఏప్రిల్‌లో పెరుగుతుంది. జీతాల పెరుగుదల, ధరల పెరుగుదల, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత. ఐరోపా యూనియన్ దేశాల్లో, అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో, మారిషస్‌లో స్థిరపడినవాళ్లకీ ఆ పెంపు వస్తుంది. ఇండియా, పాకిస్తాన్, ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికాల్లో ఉంటే రాదు. మొదటి నెల ఎంత వచ్చిందో చివరిదాకా అంతే, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఏ పాస్‌పోర్టు ఉందని ఎవరూ అడగరు, ఎక్కడ నివసిస్తున్నావన్నదే లెక్క.

అంకెల్లో చూడు. 2016 ఏప్రిల్‌లో కొత్త పద్ధతి మొదలైనప్పుడు పూర్తి పెన్షన్ వారానికి 155.65 పౌండ్లు. అప్పుడు హైదరాబాద్‌లో ఉండి దాన్ని మొదలుపెట్టిన మనిషికి ఈరోజుకీ అదే 155.65. లండన్ హౌన్స్‌లో ప్రాంతంలో ఉన్న అతని స్నేహితుడికి 2025-26లో 230.25 వచ్చింది. అంటే ఏడాదికి దాదాపు 3,880 పౌండ్ల తేడా. ఇద్దరూ కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ, పెన్షన్ లాంటి వాటి కోసం జీతంలోంచి కోసే చందా) మాత్రం ఒకటే. పౌండు రేటు పెరిగినప్పుడు రూపాయల్లో నాలుగు డబ్బులు ఎక్కువ కనిపిస్తే దాన్ని పెంపు అనుకోకు, మారకం రేటు దిగితే అదీ దిగుతుంది.

చాలామంది తికమకపడేది ఒకటుంది. ముందే ఇండియా వచ్చేస్తే ఆ రోజు రేటుకే పెన్షన్ ఆగిపోతుందని భయపడతారు. అలా జరగదు. నువ్వు 1961 జూన్‌లో పుట్టావు, 2028 జూన్‌లో 67 నిండుతాయి. అప్పటికి ఇక్కడే ఉన్నా 2028 రేటుతోనే మొదలవుతుంది. ఆ తర్వాతే ఆగిపోతుంది. అక్కడే మొదలుపెట్టి కొన్నేళ్లు ఉండి వస్తే, బయలుదేరే నాటికి పెరిగిన మొత్తం నీకు ఖాయం. అందుకని పెన్షన్ మొదలయ్యాక వచ్చేటట్టయితే మార్చిలో టికెట్ కొనకు. ఏప్రిల్ పెంపు ఖాతాలో పడ్డాక రా. ఒక్క నెల ఓపిక పడితే ఆ పెంపు జన్మంతా ఉంటుంది.

పెన్షన్ తీసుకోకుండా ఆపితే తొమ్మిది వారాలకు ఒక శాతం చొప్పున కలుస్తుంది, ఏడాదికి సుమారు 5.8 శాతం. ఇండియాలో కూర్చుని ఆపితే ఆ అదనం వస్తుంది కానీ, మధ్యలో వచ్చిన ఏప్రిల్ పెంపులు దక్కవు. "కొన్నాళ్లాగి కొత్త రేటుకు తీసుకుంటా" అన్న ఎత్తు ఇక్కడ పారదు.

ఇక నీ రికార్డు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పెన్షన్ అంచనా, నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు రెండూ తెరువు. పూర్తి మొత్తానికి ఆ రికార్డులో 35 ఏళ్లుండాలి, అసలేదైనా రావాలంటే కనీసం 10 ఏళ్లు. నీ విషయంలో చిక్కేమిటంటే, 2016 దాకా నీలాంటి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఉద్యోగులు కాంట్రాక్టెడ్ ఔట్‌లో (ప్రభుత్వ అదనపు పెన్షన్ బదులు ఉద్యోగ పెన్షన్ పొందే ఏర్పాటు) ఉండేవాళ్లు, తక్కువ ఎన్‌ఐ కట్టేవాళ్లు. దాని కోత నీ మొత్తంలో ఉంటుంది. కాబట్టి ఏళ్లు లెక్కపెట్టి 35తో భాగించకు, తెర మీద కనిపించే మొత్తాన్నే నమ్ము. అదీ బ్రిటన్‌లో ఉండేవాళ్ల లెక్క అని గుర్తుంచుకో.

మరదలి లెక్క వేరుగా చూడాలి. కొత్త పద్ధతిలో భర్త రికార్డు మీద భార్యకు పెన్షన్ పుట్టదు. తనకు తొమ్మిదేళ్లే ఉంటే సున్నా, పదైతే పదికి తగ్గ పెన్షన్. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ప్రభుత్వమిచ్చే చైల్డ్ బెనిఫిట్ భత్యం తన పేరున తీసుకుందా? తీసుకుంటే ఆ ఏళ్లు కలవాలి. 2000 మే కంటే ముందు పెట్టిన దరఖాస్తుల్లో ఎన్‌ఐ నంబరు లేనివి చాలా రికార్డుకెక్కలేదు. ఆ ఏళ్లు ఖాళీగా కనిపిస్తే హెచ్‌ఎంఆర్‌సీకి (పన్నుల శాఖకు) రాసి కలిపించుకోవాలి. డబ్బు కట్టి ఆ ఖాళీ పూడ్చడం దండగ.

నిజంగా ఖాళీలుంటే మామూలుగా గత ఆరేళ్లవి కొనుక్కోవచ్చు. 2025-26లో క్లాస్ 3 (మనంతట మనం కట్టే ఎన్‌ఐ) వారానికి 17.75, ఏడాదికి 923 పౌండ్లు. దాంతో పెన్షన్‌కు ఏటా సుమారు 342 కలుస్తుంది. ఇండియాలో ఆ 342 ఎప్పటికీ పెరగకపోయినా మూడేళ్లలోపే పెట్టుబడి వచ్చేస్తుంది, కాబట్టి కొనడమే మేలు. కట్టేముందు మాత్రం ఫ్యూచర్ పెన్షన్ సెంటర్‌కు ఫోన్ చేసి "ఈ ఏడాది కొంటే నా పెన్షన్ ఎంత పెరుగుతుంది?" అని అడుగు. కొన్ని ఏళ్లు కొన్నా పైసా కలవదు. విదేశంలో ఉంటూ చవకైన క్లాస్ 2 రకం ఎన్‌ఐ కట్టే దారిని 2026 ఏప్రిల్ 6 నుంచి మూసేశారు. పాత సలహాలు విని దాని మీద ఆశ పెట్టుకోకు.

అల్లుడు ఐటీ కంపెనీ పంపితే వచ్చినవాడు కదా, అతన్నీ రికార్డు చూసుకోమను. ఇండియా కంపెనీ తాత్కాలికంగా పంపినవాళ్లకు మొదటి 52 వారాలు ఎన్‌ఐ ఉండదు, ఆ ఏడాది ఖాళీయే. 2025లో కుదిరిన వాణిజ్య ఒప్పందంతో పాటు వచ్చే ఏర్పాటులో ఆ మినహాయింపు గడువు పెరుగుతుంది. పెన్షన్ పెంపు ఊసు అందులో లేదు.

ఇది అన్యాయం కాదా అంటే, నా మాటలో అన్యాయమే. కట్టించుకునేటప్పుడు ఎక్కడ ఉంటావని అడగలేదు, ఇచ్చేటప్పుడు అడుగుతున్నారు. దక్షిణాఫ్రికాకు వెళ్లిన అనెట్ కార్సన్ కోర్టుకెక్కితే 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్, 2010లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆమెకు వ్యతిరేకంగానే తీర్పిచ్చాయి. దారి పార్లమెంటులోనే ఉంది. నువ్వు బ్రిటిష్ పౌరుడివి, విదేశంలో పదిహేనేళ్లు దాటితే ఓటు పోయే నియమాన్ని 2024 జనవరిలో ఎత్తేశారు. లెస్టర్ ఓటును విదేశీ ఓటరుగా నమోదు చేసుకో, మూడేళ్లకోసారి కొత్తది చేసుకో, ఆ ఎంపీకి ఉత్తరం రాయి. ఇంటి ఖర్చు లెక్కలో మాత్రం పెంపు సున్నా అనే వేసుకో.

ఎవరైనా అక్కడి చుట్టాల అడ్రసు పెట్టి పెంపు తీసుకోమంటే వినకు. బయటపడితే ఎక్కువ ఇచ్చినదంతా వెనక్కి లాగుతారు. మళ్లీ బ్రిటన్‌లో స్థిరపడితే అప్పటి రేటు నిజాయతీగానే వస్తుంది.

67 నిండడానికి నాలుగు నెలల ముందు నుంచి ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. డబ్బు నాలుగు వారాలకో పదమూడు వారాలకో వస్తుంది. నాలుగు వారాలదే పెట్టుకో, ఏదైనా ఆగితే త్వరగా తెలుస్తుంది. ఆ తర్వాత లైఫ్ సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది. సాక్షి సంతకంతో 16 వారాల్లో చేరకపోతే చెల్లింపు ఆపేస్తారు. ఫారం మీద రాసినట్టే సాక్షిని పెట్టు, జిరాక్స్ ఉంచుకుని రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ఇల్లు మారితే ముందు వాళ్లకు తెలియజెయ్యి, కవరు పాత వాటా గుమ్మంలో పడుంటే నీ పెన్షన్ ఆగుతుంది.

ముందు మరదలి ఎన్‌ఐ రికార్డు ప్రింటు తీసి నాకు పంపు. ఖాళీ ఏళ్లు కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య