క్యూ ఖాళీగా కనిపిస్తే ముందు పెండింగ్ చూడండి

ఏడబ్ల్యూఎస్ బ్యాచ్‌లో (పెద్ద పనులను వరుసలో పెట్టి అమెజాన్ క్లౌడ్ యంత్రాల మీద నడిపే సేవ) జాబులు పెట్టిన తరువాత టెర్మినల్‌లో లిస్ట్-జాబ్స్ కొడితే ఖాళీ జాబితా వస్తోందనీ, కమాండ్ లైన్‌ను నమ్మాలో బ్రౌజర్‌లో తెరిచే కన్సోల్‌నే పట్టుకుని ఉండాలో తెలియడం లేదనీ మీరు అడిగారు. కమాండ్ లైన్‌నే నమ్మండి. మీకు వచ్చిన ఖాళీ జాబితా కూడా అబద్ధం కాదు. స్టేటస్ చెప్పకుండా క్యూ పేరు మాత్రమే ఇస్తే ఆ కమాండ్ రన్నింగ్‌లో ఉన్న జాబులను మాత్రమే చూపిస్తుంది. సబ్‌మిటెడ్, పెండింగ్, రన్నబుల్ (సిద్ధంగా ఉండి యంత్రం కోసం ఆగిన దశ), స్టార్టింగ్ దశల్లో వేల జాబులు ఎదురుచూస్తున్నా వాటి ఊసు ఎత్తదు. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంది, కానీ అది చదివి టెర్మినల్ తెరిచేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల ఎంత పని చెడుతుందో హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక సంస్థలో కళ్లారా చూశాను. మా దగ్గర నెలాఖరున పే స్లిప్పుల పీడీఎఫ్‌లన్నీ బ్యాచ్‌లోనే తయారయ్యేవి. ఒక అరే జాబు (ఒకే పనిని చాలా భాగాలుగా నడిపే జాబు) పెడితే, ఆ పేరెంట్ జాబు కింద ఒక్కొక్క క్లయింటుకు ఒక్కొక్క చైల్డ్ జాబు చొప్పున నడిచేది. ఆ నెల ఆఖరి రోజు సాయంత్రం, చేరి ఎన్నాళ్లో కాని ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “అక్కా, క్యూ మొత్తం ఖాళీగా ఉంది. పెట్టిన జాబులు ఎక్కడికి పోయాయో తెలియడం లేదు. ఇంకోసారి పెట్టేయనా?” అని అడిగాడు. అప్పటికే మళ్లీ మళ్లీ పెట్టి ఉన్నాడని అతని టెర్మినల్ చరిత్ర చూస్తేనే అర్థమైంది.

ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాడు. ఉత్త లిస్ట్-జాబ్స్‌తో ఆగిపోకుండా, జాబ్-స్టేటస్ దగ్గర రన్నబుల్ అని ఇచ్చి కూడా చూశాడు. అదీ ఖాళీగానే వచ్చింది. అరే జాబుల విషయంలో ఇక్కడే చిక్కు ఉంది. చైల్డ్ జాబుల్లో ఏ ఒక్కటి రన్నబుల్ దశకు చేరినా పేరెంట్ జాబు పెండింగ్‌కు మారుతుంది, చైల్డ్ జాబులన్నీ ముగిసేదాకా పెండింగ్‌లోనే ఉంటుంది. చైల్డ్ జాబులు పరుగెడుతున్నా, కదలక కూర్చున్నా పేరెంట్ స్టేటస్ మాత్రం మారదు. క్యూ పేరుతో అడిగినప్పుడు జాబితాలోకి వచ్చేది పేరెంటే కనుక, దాన్ని పెండింగ్ కింద వెతికితేనే దొరుకుతుంది. నేను అదే కమాండ్‌లో రన్నబుల్ బదులు పెండింగ్ అని మార్చి ఎంటర్ కొట్టగానే, ఒకే పేరుతో ఉన్న పేరెంట్ జాబులు వరుసగా తెర మీద పడ్డాయి. అతని ముఖం పాలిపోయింది. అవన్నీ కదిలి ఉంటే ఒకే ఉద్యోగికి అవే పే స్లిప్పులు పదేపదే వెళ్లేవి.

పేరెంట్ దొరికితే తక్కిన వివరాలు వెదుక్కోనక్కర లేదు. దాని ఐడీతో డిస్క్రైబ్-జాబ్స్ కొడితే అరే ప్రాపర్టీస్ కింద స్టేటస్ సమ్మరీ అనే భాగం వస్తుంది. ఏ దశలో ఎన్ని చైల్డ్ జాబులు ఉన్నాయో అందులో అంకెలతో సహా ఉంటుంది. మా విషయంలో రన్నబుల్ ఎదుట మొత్తం సంఖ్య ఉంది, తక్కినవన్నీ సున్నాలు. విడివిడిగా చూడాలంటే లిస్ట్-జాబ్స్‌కు క్యూ పేరు బదులు అరే-జాబ్-ఐడీ ఇవ్వాలి. అక్కడా స్టేటస్ చెప్పి తీరాలి, లేకపోతే మళ్లీ రన్నింగ్ మాత్రమే వస్తుంది.

తరువాతి ప్రశ్న, అవి ఎందుకు కదలడం లేదన్నది. దీనికి జవాబు క్యూలో దాదాపు ఎప్పుడూ దొరకదు. క్యూ వెనుక ఉన్న కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్‌లోనూ (జాబులు నడిచే యంత్రాల అమరిక), జాబ్ డెఫినిషన్‌లోనూ (జాబుకు ఎంత మెమరీ వగైరా కావాలో చెప్పే నమూనా) దొరుకుతుంది. డిస్క్రైబ్-కంప్యూట్-ఎన్విరాన్‌మెంట్స్ కొట్టి చూస్తే స్టేట్ ఎనేబుల్డ్‌గా, స్టేటస్ వ్యాలిడ్‌గా ఉన్నాయి. మ్యాక్స్ వీసీపీయూలు (గరిష్ఠంగా వాడదగ్గ వర్చువల్ ప్రాసెసర్లు) కావలసినన్ని ఉన్నాయి, డిజైర్డ్ వీసీపీయూలు, అంటే ప్రస్తుతం కావాలని బ్యాచ్ అడుగుతున్నవి, మాత్రం సున్నా. అంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తూ ఒక్క యంత్రం కూడా లేవడం లేదు. అక్కడే ఇన్‌స్టాన్స్ టైప్స్ దగ్గర ఎం5 డాట్ ఎక్స్‌లార్జ్ అనే ఒక్క పేరు ఉంది. దాని మెమరీ 16 గిబీ. ఆ తరువాత డిస్క్రైబ్-జాబ్-డెఫినిషన్స్‌లో చూస్తే, కొత్త రివిజన్‌లో (డెఫినిషన్‌ను మార్చి నమోదు చేసిన ప్రతి) మెమరీ సరిగ్గా 16384 మెబీ, అంటే 16 గిబీ అని ఉంది. యంత్రంలో 16 గిబీ ఉంది కనుక 16 గిబీ అడగవచ్చని వేరే టీములో ఎవరో అనుకుని ఉంటారు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, ఈసీఎస్ ఏజెంట్‌కూ (యంత్రం మీద కంటైనర్లను నడిపించే ప్రోగ్రాం) కొంత పోయాక ఏ యంత్రమూ తన మెమరీనంతా జాబుల కోసం నమోదు చేయలేదు. కాబట్టి ఆ జాబు ఆ యంత్రం మీద ఎన్నటికీ పట్టదు. దానికి ఎర్రర్ కూడా రాదు, అది ఫెయిల్ కాదు, రన్నబుల్‌లోనే ఉండిపోతుంది.

ముందు వచ్చినది ముందు వెళ్లే ఫైఫో క్యూలో దీని బాధ ఆ జాబుతో ఆగదు. ఇరుకు వంతెన మీద ముందున్న లారీ నిలిచిపోతే వెనుక ఉన్న స్కూటర్లు కూడా ఆగిపోయినట్టు, మా పే స్లిప్పుల వెనుక వేరే టీము పెట్టిన చిన్న జాబులు కూడా నిలిచిపోయాయి. వాళ్లు తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఆ సాయంత్రమంతా కూర్చున్నారు. ఇప్పుడైతే గెట్-జాబ్-క్యూ-స్నాప్‌షాట్ అనే కమాండ్ ఉంది, క్యూ ముందు వరుసలో ఉన్న మొదటి 100 రన్నబుల్ జాబులను చూపిస్తుంది. మీ జాబు కదలనప్పుడు మీ ముందు ఎవరున్నారో చూడడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. క్యూకు జాబ్ స్టేట్ టైమ్ లిమిట్ యాక్షన్స్ కూడా పెట్టుకోవచ్చు. ఇలా ఇరుక్కున్న జాబు వరుస ముందు నిలిచిపోతే, మీరు నిర్ణయించిన గడువు దాటాక దాన్ని అవే రద్దు చేస్తాయి. ఆ గడువు 600 సెకన్లకు తగ్గకూడదు. పలువురు పంచుకునే ప్రతి క్యూకూ ఇది పెట్టి తీరాలన్నది నా మాట.

ఆ రాత్రి మెమరీని 15000కు తగ్గించి కొత్త రివిజన్ నమోదు చేశాం. అయితే క్యూలో ఉన్న జాబులు పాత రివిజన్‌నే పట్టుకుని ఉంటాయి, కొత్తది వాటికి వర్తించదు. అందుకే పేరెంట్ జాబులన్నిటినీ టెర్మినేట్-జాబ్‌తో ఆపి, ఒక్కటి మాత్రం కొత్తగా పెట్టాం. కొన్ని నిమిషాల్లో డిజైర్డ్ వీసీపీయూలు పెరగడం మొదలైంది. తెల్లవారేసరికి పే స్లిప్పులన్నీ వెళ్లాయి.

స్లర్మ్ (క్లస్టర్లలో జాబులను వరుసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వాడిన వాళ్లకు నా బాధ ఇంకా బాగా అర్థమవుతుంది. విశ్వవిద్యాలయాల క్లస్టర్లలో ఎస్‌క్యూ అని కొడితే నడుస్తున్నవీ, ఆగి ఉన్నవీ కలిపే కనిపిస్తాయి. ఆగి ఉన్న జాబు ఎదుట చివరి నిలువు వరుసలో రీసోర్సెస్ అనో ప్రయారిటీ అనో కారణం కూడా ఉంటుంది. క్యూ చూసేవాడికి ముందుగా కావలసింది ఆ కారణమే. క్లౌడ్ సేవలు అంతకన్నా ఎంతో తరువాత వచ్చినా, దానికోసం మనచేత మూడు నాలుగు కమాండ్లు కొట్టించడం సమంజసం కాదు.

మీరు అలవాటు చేసుకోవలసిన మరికొన్ని సంగతులు చెబుతాను. క్యూ పేరు సరిగానే ఉన్నా ఏమీ రాకపోతే రీజియన్ (క్లౌడ్ యంత్రాలు ఉన్న ప్రాంతం) చూడండి. 2022లో హైదరాబాద్ రీజియన్ వచ్చినప్పటి నుంచి, ప్రొఫైల్‌లో ముంబయి ఉంచుకుని హైదరాబాద్‌లోని క్యూ కోసం వెతికేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. క్రియేటెడ్ యాట్, స్టార్టెడ్ యాట్ విలువలు 1970 నుంచి లెక్కించిన మిల్లీసెకన్లు. డేట్ కమాండ్‌కు ఇచ్చే ముందు వాటిని 1000తో భాగించాలి. జాబులను లెక్కపెట్టడానికి క్వెరీలో లెంగ్త్ వాడితే అవుట్‌పుట్ జేసన్‌గానే ఉంచండి. టెక్స్ట్ అని పెడితే లెక్క ఒక్కొక్క పేజీకి విడిగా జరిగి, ఒక సంఖ్యకు బదులు సంఖ్యల వరుస వస్తుంది. ఫెయిలైన జాబుల స్టేటస్ రీజన్, ఎగ్జిట్ కోడ్, లాగ్ స్ట్రీమ్ పేరు ఏ రోజుకారోజు ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. ముగిసిన జాబుల వివరాలు బ్యాచ్‌లో ఎక్కువ కాలం ఉండవు. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే కంటైనర్‌ను బలవంతంగా ఆపారని అర్థం, నా అనుభవంలో దాదాపు ప్రతిసారీ మెమరీ చాలకనే.

కన్సోల్ గురించి కూడా చెప్పాలి. అమీర్‌పేటలో క్లౌడ్ నేర్చుకుని వచ్చిన పిల్లలను చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. ఏ బటన్ ఎక్కడ ఉంటుందో కళ్లు మూసుకుని చెబుతారు, కానీ ఆ బటన్ నొక్కితే వెనుక ఏ ప్రశ్న వెళుతుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కన్సోల్ తెర మారుతూ ఉంటుంది, నేర్చుకున్నది ఏడాదికే పాతబడుతుంది. లిస్ట్-జాబ్స్ మాత్రం 2017లో ఎలా ఉందో ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. పైగా మీరు కొట్టిన కమాండ్‌నూ, వచ్చిన జవాబునూ యథాతథంగా టికెట్‌లో అతికించి పంపవచ్చు, అవతలివాళ్లు అదే కమాండ్ కొట్టి సరిచూసుకోగలరు.

మీ సంస్థలో కొత్తవాళ్లకు టెర్మినల్ నుంచి బ్యాచ్ చూసే అనుమతి లేకపోతే, లిస్ట్, డిస్క్రైబ్, గెట్ కమాండ్లకూ, లాగ్‌లు చదవడానికీ మాత్రం అనుమతి ఇమ్మని మీ మేనేజరును లిఖితపూర్వకంగా అడగండి. వీటితో ఏ జాబూ ఆగదు, ఏదీ చెరిగిపోదు. అనుమతి వచ్చిన రోజునే మీ క్యూ మీద స్టేటస్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా, పెండింగ్‌తో మొదలుపెట్టి అడిగి చూడండి. అప్పటికీ మీ జాబు కనిపించకపోతే, సబ్‌మిట్-జాబ్ కొట్టినప్పుడు వచ్చిన జాబ్ ఐడీతో డిస్క్రైబ్-జాబ్స్ అడిగి, వచ్చిన జవాబును అకౌంట్ నంబరు తీసేసి ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.