పొద్దున మూలలు లేచి మధ్యాహ్నానికి అణిగే కాంక్రీటు రోడ్డు

కొత్తగా వేసిన కాంక్రీటు రోడ్డు మీద తెల్లవారుజామున బండి పోనిస్తే ప్రతి జాయింటు దగ్గరా టకటకమని కుదుపు వస్తోందనీ, అదే రోడ్డు మధ్యాహ్నం నున్నగా ఉంటోందనీ, వేసినవాళ్లను అడిగితే "కాంక్రీటు అన్నాక అంతే" అన్నారనీ రాశారు. వాళ్ల మాట నమ్మొచ్చా అని మీ ప్రశ్న. సగం నమ్మొచ్చు. స్లాబ్, అంటే రెండు జాయింట్ల మధ్య ఉండే కాంక్రీటు పలక, రోజూ వంగుతూ లేస్తూ ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ దాని మూలలు ఎంత లేస్తాయన్నది చాలామటుకు ఆ స్లాబ్ వేసిన రోజున, అది గట్టిపడిన గంటల్లో తేలిపోతుంది. ఆ గంటలు మాత్రం వేసినవాళ్ల చేతిలో ఉన్నవే.

నేను రోడ్డు పనుల్లో క్వాలిటీ చూసేవాణ్ణి. ఈ విషయం కాలేజీలో చదివాను, పరీక్షలో ఫార్ములా కూడా రాశాను. బుర్రకెక్కింది మాత్రం సైటులో ఒక గొడవ జరిగాకే. రెండు నెలల కిందట వేసిన స్లాబులను ఒకసారి చూసి రమ్మన్నారు. ఎండెక్కకముందే పని అయిపోతుందని ఐదున్నరకే వెళ్లాను. చదును చూసే 3 మీటర్ల తిన్నని బద్దని, అంటే స్ట్రెయిట్ ఎడ్జ్‌ని జాయింటు మీదుగా పెడితే తూగుబల్లలా ఊగింది. ఒక కొస నొక్కిపెడితే రెండో కొస కింద 4 మిల్లీమీటర్లకు పైనే సందు. ఆ పనిలో మాకున్న హద్దు 3. వరసగా పన్నెండు జాయింట్లు అలాగే ఉన్నాయి. ఫెయిల్ అని రాసి సంతకం పెట్టేశాను.

మధ్యాహ్నం రెండింటికి ఫోర్‌మన్ నన్ను ఎండలోకి లాక్కెళ్లి, అదే స్ట్రెయిట్ ఎడ్జ్ అదే జాయింటు మీద పెట్టాడు. ఒక మిల్లీమీటరు గేజి కూడా దూరలేదు. "కళ్లజోడు మార్చుకోండి సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను అటు వెళ్లగానే గ్రైండింగ్ చేయించి ఎత్తు అరగదీయించాడేమోనని కూడా అనుమానపడ్డాను, అంత తక్కువ టైములో అది అయ్యే పని కాదని తెలిసి కూడా. మా సీనియర్ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి ఒక్క మాట అన్నారు: "ఎన్ని గంటలకు చూశారో ఇద్దరూ రాయలేదేం?"

ఆ తర్వాత ఆయన రోడ్డు పక్క నేలలోకి ఒక ఇనుప కడ్డీని లోతుగా దిగ్గొట్టించి, దానికి అతి చిన్న కదలికను కొలిచే డయల్ గేజి బిగించి, దాని సూదిని స్లాబ్ మూల మీద ఆనించి, రాత్రీ పగలూ గంటకోసారి రీడింగ్ రాయించారు. రాత్రి కాపలా నాదే. సూర్యోదయానికి కాస్త ముందు మూల అన్నిటికన్నా పైన ఉంది. మధ్యాహ్నం రెండు మూడు మధ్య అన్నిటికన్నా కింద. తేడా దాదాపు 2 మిల్లీమీటర్లు. పైన బండి పోకుండా, ఎవరూ ముట్టుకోకుండా, టన్నుల బరువున్న రాయి ఊపిరి తీసుకుంటున్నట్టు కదలడం చూస్తే ఎవరికైనా విడ్డూరంగానే ఉంటుంది.

ఇక అసలు కారణం. 250 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబ్‌కి పైన ఎండ తగిలితే ఆ వేడి అడుగుకు దిగడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నానికి పైభాగం అడుగుకన్నా 10, 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి ఉండటం మామూలే. పైపొర వ్యాకోచిస్తుంది, అడుగు అంతగా వ్యాకోచించదు. దాంతో స్లాబ్ బోర్లించిన మూకుడులా నడుమ పైకి వచ్చి, అంచులు నేలను నొక్కుతాయి. రాత్రి ఇది తిరగబడుతుంది. పైభాగం ఆకాశానికి వేడి వదిలేసి చల్లబడుతుంది, అడుగు ఇంకా వెచ్చగానే ఉంటుంది, మూలలు పైకి లేస్తాయి. రాత్రి తేడా సాధారణంగా పగటి తేడా అంత ఉండదు. మరి మీ రోడ్డు మీద తెల్లవారి కుదుపే ఎందుకు ఎక్కువగా ఉంది? దీనికి జవాబు తేమలోనూ పుట్టుకలోనూ ఉంది, అక్కడికి వస్తాను.

ముందు ఒక చిన్న లెక్క. కాంక్రీటు ఒక డిగ్రీకి మీటరు పొడవున సుమారు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పెరుగుతుంది. సున్నపురాయి కంకరతో చేసినది ఇంతకన్నా తక్కువ, క్వార్ట్జ్ ఎక్కువున్న కంకరతో చేసినది ఎక్కువ. 4.5 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 250 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబ్‌లో పైకీ కిందికీ 10 డిగ్రీల తేడా ఉంటే, బరువన్నది లేదనుకుంటే, మూల నడుముకన్నా 1.6 మిల్లీమీటర్లు లేవాలి. కానీ ఆ స్లాబ్ బరువు దాదాపు తొమ్మిదిన్నర టన్నులు. అది వంగుతానంటుంటే బరువు పడుకోమంటుంది. ఈ పెనుగులాటే లోపల ఒత్తిడిగా మారుతుంది. వంగనివ్వకుండా పూర్తిగా పట్టి ఉంచితే 15 డిగ్రీల తేడాకే 2 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) పైచిలుకు లాగుడు పుడుతుంది. రోడ్డు కాంక్రీటు వంపులో తట్టుకునేది 4, 5 మెగాపాస్కల్ అనుకోండి. అంటే ఒక్క లారీ కూడా ఎక్కకముందే సగం బలం ఖర్చు.

ఈ లెక్కను మొదట వెస్టర్‌గార్డ్ అనే ఇంజనీరు 1927లో కట్టారు. ఎంత పొడవున్న స్లాబ్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో సులువుగా చూసుకునే గుణకాలను 1938లో బ్రాడ్‌బరీ అనే ఇంజనీరు ఇచ్చారు. 1930లలో అమెరికాలో, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో, టెల్లర్, సదర్లాండ్ అనే ఇంజనీర్లు నిజమైన స్లాబులు వేసి కొలిచి, ఎండ పుట్టించే ఒత్తిడి చక్రాల బరువు పుట్టించే దానికి తీసిపోదని చూపించారు. వెస్టర్‌గార్డ్ లెక్కలో పైనుంచి కిందికి వేడి సమంగా తగ్గుతుందని అనుకున్నారు. నిజానికి మార్పంతా పైన కొద్ది మందంలోనే ఎక్కువ, కింద తక్కువ. అయినా ఆ లెక్క నేర్పే ఒక సంగతి ఇప్పటికీ సైటులో పనికొస్తుంది. స్వేచ్ఛగా వంగితే స్లాబ్ కొస లేచే ఎత్తు పొడవుకు వర్గంలో పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే లేవడం నాలుగింతలు. జాయింట్లు దగ్గర దగ్గరగా కొయ్యడం అందుకే. మందం పెంచితే అన్నీ సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. మందం పెరిగితే పైకీ అడుక్కీ వేడిలో తేడా కూడా పెరుగుతుంది, అది మరిచిపోతారు.

ఇప్పుడు తేమ. నా అభిప్రాయంలో సైటుల్లో అందరూ చిన్నచూపు చూసేది దీన్నే. పైభాగం గాలికీ ఎండకీ ఆరుతుంది, అదీ పైన ఒక 50 మిల్లీమీటర్ల మేర. అడుగు మాత్రం నేల తేమతో దాదాపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆరిన కాంక్రీటు ముడుచుకుంటుంది. ఒకవైపే ఆరిన పచ్చి చెక్క దొప్పలా వంగడం చూసే ఉంటారు, ఇదీ అంతే. పూర్తిగా ఆరితే కాంక్రీటు మీటరుకు 500 మైక్రాన్ల వరకూ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా కుంచించుకుపోతుంది. 10 డిగ్రీలు చల్లబడితే ముడుచుకునేది 100 మైక్రాన్లే. పై పొరలో ఆరడం వల్ల వచ్చే ముడుత ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టి చూడండి. పైగా వేడి రోజుకోసారి దిశ మార్చుకుంటుంది, తేమ మార్చుకోదు. అది ఎప్పుడూ మూలల్ని పైకే లాగుతుంది. వాన పడితే పైపొర తడిసి ఉబ్బి కొంచెం దిగుతుంది, కానీ మొదటిసారి ఆరినప్పుడు వచ్చిన ముడుతలో కొంత భాగం ఎన్నటికీ తిరిగి రాదు.

దీనికి గట్టి సాక్ష్యం కావాలంటే గోడౌన్ల లోపలి ఫ్లోర్లు చూడండి. అక్కడ ఎండ పడదు, పగలూ రాత్రీ పెద్ద తేడా ఉండదు, అయినా జాయింట్ల దగ్గర అంచులు లేస్తాయి, ఫోర్క్‌లిఫ్ట్ చక్రాలు వాటిని కొట్టి కొట్టి నలగ్గొడతాయి. ప్లాస్టిక్ షీట్ మీద నేరుగా పోసిన ఫ్లోర్లలో ఇది ఇంకా ఎక్కువ, నీరు కిందికి పోయే దారి లేక పైనుంచే ఆరుతుంది కాబట్టి. పుస్తకాల్లో వేడి వల్ల వచ్చే వంపును కర్లింగ్, తేమ వల్ల వచ్చేదాన్ని వార్పింగ్ అని విడదీసి చెబుతారు. సైటులో రెండింటికీ ఒకటే మాట, "మూల లేచింది".

ఇక పుట్టుక. కాంక్రీటు గట్టిపడే క్షణంలో పైకీ కిందికీ ఎంత తేడా ఉందో, ఆ తేడా దగ్గరే ఆ స్లాబ్ తనను తాను చదునుగా భావిస్తుంది. మా గొడవ స్లాబులు వేసవిలో పొద్దున తొమ్మిదీ పది మధ్య వేసినవి. సిమెంటు గట్టిపడుతూ తనే వేడి పుట్టిస్తుంది, ఆ వేడి, నడి మధ్యాహ్నపు ఎండ రెండూ ఒకేసారి దాని నెత్తిన పడ్డాయి. పైభాగం సలసల కాగుతుండగా అది చదునుగా గట్టిపడింది. అంటే ఆ తర్వాత పైనా కిందా ఒకే వేడి ఉన్నా, ఆ స్లాబ్‌కి మాత్రం పైన చల్లగా ఉన్నట్టే. మూలలు లేచే ఉంటాయి. దీనికి తోడు ఆ రోజు స్ప్రేయర్ చెడిపోయి తేమ ఆరిపోకుండా పైన కొట్టే క్యూరింగ్ కాంపౌండ్ సాయంత్రం దాకా కొట్టలేదు, తడి గోనెపట్టాలు కూడా ఆలస్యంగానే పడ్డాయి. రిజిస్టరు తిరగేస్తే అన్నీ బయటపడ్డాయి. రాత్రి చలి, ఆరడం వల్ల శాశ్వతంగా మిగిలిన ముడుత, పుట్టుకతో వచ్చిన వంపు, మూడూ తెల్లవారుజామున ఒకే వైపు లాగుతాయి. మధ్యాహ్నం మాత్రం ఎండ ఒక్కటీ మిగతా రెంటికీ ఎదురు నిలిచి స్లాబ్‌ని దాదాపు చదును చేస్తుంది. నేనూ ఫోర్‌మన్ కొట్లాడుకున్నది ఈ లెక్క మీదేనన్నమాట. ఇద్దరి కొలతలూ కరెక్టే.

అక్కణ్ణుంచి మేం పోత సాయంత్రానికి మార్చాం. మిక్సు అదే, కంకర అదే, మనుషులూ వాళ్లే. ఆ స్లాబుల మీద తెల్లవారుజామున స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే తేడా కొలవకుండానే తెలిసింది. నైట్ షిఫ్టులో జాయింటు కటింగ్ టైము పట్టుకోవడం మాత్రం పెద్ద టెన్షన్. తొందరపడితే అంచు రాలిపోతుంది, ఆలస్యమైతే స్లాబ్ తనకు నచ్చినచోట తనే పగులుతుంది.

మూల లేస్తే కుదుపేగా, పోనిద్దాం అనుకోకండి. లేచిన మూల కింద ఆధారం ఉండదు. కింద డ్రై లీన్ కాంక్రీటు (సిమెంటు, నీరు తక్కువ వేసి పరిచేది) లాంటి గట్టి బేస్ ఉంటే ఇంకా కష్టం, ఎందుకంటే అది స్లాబ్ వంపుకు తగ్గట్టు ఒదగదు. తెల్లవారుజామున పొడవాటి లారీ ముందు ఇరుసు ఒక కొసనా, వెనక ఇరుసు ఇంకో కొసనా ఒకేసారి ఎక్కితే స్లాబ్ నడిమిలో పైనుంచి కిందికి పగులుతుంది. పగులు అడుగు నుంచే వస్తుందని నేర్చుకున్న మాలాంటివాళ్లకు ఇది మొదట్లో మింగుడుపడలేదు. మూల విరగడం, వానాకాలం జాయింటులోంచి బురదనీళ్లు చిమ్మడం, పక్కపక్క స్లాబులను జాయింటులో కలిపే డోవెల్ బార్ల చుట్టూ కాంక్రీటు నలగడం, ఇవన్నీ ఆ తర్వాత వరసగా వచ్చేవే.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ఒకే జాయింటును సూర్యోదయానికి ముందోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి చూడండి, టైము, ఉపరితలం వేడి రెండూ రాసుకోండి. ఇనుప కడ్డీతో మూల మీద కొట్టి వినండి. పొద్దున డొల్ల శబ్దం వచ్చి మధ్యాహ్నం గట్టి శబ్దం వస్తే అది వంపు. రెండు పూటలా డొల్లగానే ఉంటే కింద నిజంగానే ఖాళీ పడింది, దాన్ని సిమెంటు పాలతో నింపే గ్రౌటింగ్ గురించి మాట్లాడాల్సిందే. బరువు పడేసి కుంగుడు కొలిచే మిషన్ తెస్తామంటే ఏ గంటకు తెస్తున్నారో అడగండి, తెల్లవారి రీడింగులో లేచిన మూల కూడా ఖాళీలాగే కనిపిస్తుంది. గ్రైండింగ్ చేసి సరిచేస్తామంటే తొందరపడి ఒప్పుకోకండి. పొద్దున లెవలుకు కోసేస్తే మధ్యాహ్నం జాయింటు దగ్గర గుంట పడుతుంది, కుదుపు పూట మార్చుకుంటుందంతే. రెండు పూటలా మిగిలిపోయే ఎత్తు మేరకే గ్రైండింగ్ పనికొస్తుంది.

వాళ్ల దగ్గర్నుంచి మాత్రం ఒక్క కాగితం తీసుకోండి: ఆ స్లాబ్ ఏ తేదీన, ఎన్ని గంటలకు పోశారు, క్యూరింగ్ ఎన్ని గంటలకు మొదలైంది. "కాంక్రీటు అన్నాక అంతే" అన్నది ఎంతవరకు నిజమో ఆ మూడు అంకెలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అవి దొరికితే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.