సీనియర్ అవ్వాలంటే ఇంకో టూల్ నేర్చుకోవాలా?

మీరు అడిగింది ఇది: ప్రొడక్ట్ డిజైనర్‌గా, అంటే యాప్ స్క్రీన్లు ఎలా ఉండాలో, ఎలా పనిచేయాలో గీసే పనిలో, మూడేళ్లు అయ్యాయి, కంపెనీలో జూనియర్ నుంచి ప్రిన్సిపల్ దాకా లెవెల్స్ ఉన్నాయి, సీనియర్ కావాలంటే ఇంకా ఏ స్కిల్స్ కావాలి అని. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది కొత్త టూల్ ఏదీ నేర్చుకోకండి. మీ యాప్ వాడేవాళ్లు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి బస్సెక్కండి.

టూల్స్ సంగతి నేను చూసినంత చెప్తాను. 2013లో బీటెక్ మెకానికల్ పూర్తి చేసి హైదరాబాద్ వచ్చినప్పుడు స్క్రీన్లన్నీ ఫోటోషాప్‌లో గీసేవాళ్లం. తర్వాత స్కెచ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాం. 2016లో ఫిగ్మా అనే ఇంకో డిజైన్ టూల్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఒక్కొక్క టీమ్ దానికి మారింది. 2022లో ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని ఫోటోషాప్ కంపెనీ అడోబీ ప్రకటించిన వారం మా టీమ్‌లో అందరికీ టెన్షన్, మళ్లీ మొదటి నుంచి ఏం నేర్చుకోవాలో అని. 2023 డిసెంబర్‌లో ఆ ఒప్పందమే రద్దయింది. ఇప్పుడు ఒక వాక్యం రాస్తే స్క్రీన్ గీసిపెట్టే ఏఐ వచ్చింది. ఇన్ని మారినా, ఒక టూల్ వచ్చినందుకు ప్రమోషన్ వచ్చినవాళ్లు నాకు ఒక్కరు కూడా కనిపించలేదు.

నాకు ప్రమోషన్ రాని సంగతి చెప్తాను. 2019లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. ఎరువులు, పురుగుమందుల షాపులవాళ్లు రైతుల అప్పు ఖాతాలు రాసుకునే యాప్ మాది. ఆ ఏడాది రివ్యూకి నేను చేసిన స్క్రీన్లన్నీ వరుసగా పెట్టి చూపించాను. అరవై దాటాయి. మా మేనేజర్ ఓపిగ్గా అన్నీ చూసింది. "అన్నీ బాగున్నాయి. కానీ ఏ స్క్రీన్ గీయాలో ప్రతిసారీ ఎవరో ఒకరు నీకు చెప్పారు" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను పట్టి పీడించింది. రాత్రీపగలూ కూర్చుని చేసిన పని కదా అని కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి ఖమ్మం వెళ్లాల్సి వచ్చింది.

2020 జనవరిలో వెళ్లాను. మిర్చి కోతలు మొదలైన రోజులు. మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఒక షాపు. లోపలికి అడుగుపెడితే పురుగుమందుల వాసనకు కళ్లు మండాయి. యజమానికి అరవై ఏళ్లు ఉంటాయి. మా యాప్ ఆరు నెలలుగా ఆయన ఫోన్‌లో ఉంది. "మీరు రోజూ ఎలా చూస్తారో అలాగే చూడండి బాబాయ్, నేనేమీ మాట్లాడను" అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని లిస్టు తెరిచాడు. ప్రతి రైతు పేరు పక్కనా ఒక చిన్న బూడిదరంగు పెట్టె, దానిలో "చెల్లిం…" అని ఉంది. పై నుంచి కింది దాకా అన్నిటిలోనూ అదే. ఫోన్ నా వైపు తిప్పి, "ఇది కట్టినట్టా, కట్టనట్టా బాబూ?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ పెట్టె నేను గీసిందే. ఇంగ్లీషులో పెయిడ్, అన్‌పెయిడ్ అని రాసి, ఆ పొడవుకు సరిపోయేలా గీశాను. ఇంగ్లీషులో తేడా మాట మొదట్లోనే తెలిసిపోతుంది. తెలుగులో లేదు, కాదు, వద్దు అన్నీ చివరికే వస్తాయి. చెల్లించారు, చెల్లించలేదు, రెండిటికీ మొదలు ఒకటే. చోటు చాలక తోక తెగితే రెండూ ఒకటైపోతాయి. పైగా చూడ్డానికి నీట్‌గా ఉంటుందని రెండు పెట్టెలకూ ఒకే బూడిదరంగు వేశాను. ఆరు నెలలపాటు ఆయనకు ఆ లిస్టు దేనికీ పనికిరాలేదు.

ఆయన కౌంటర్ కింద నుంచి ఎర్ర అట్ట ఖాతాబుక్కు తీసి చూపించాడు. "జమ, బాకీ. మా నాన్న రాసిన కాడి నుంచి ఈ రెండే" అన్నాడు. రెండూ పొట్టి మాటలే. ఎక్కడ తెగినా ఒకటి ఇంకోటిలా కనిపించదు. నేను ఒక్కసారి ఆ బుక్కు తెరిచి చూసి ఉంటే చాలేది.

అంతటితో వచ్చేద్దామనుకున్నాను. ఇంతలో ఒక రైతు వచ్చి రెండు డబ్బాల మందు తీసుకున్నాడు. డబ్బు మాట ఇద్దరూ ఎత్తలేదు. తామర పురుగు తగ్గిందా, యార్డులో రేటు ఎట్లుంది అని మాట్లాడుకున్నారు. రైతు వెళ్లాక ఈయన బుక్కులో ఒక లైను రాసుకున్నాడు. అప్పుడు యాప్‌లో గడువులు చూపించే వేరే పేజీ తెరిచి అదే రైతు పేరు చూశాను. "గడువు దాటింది" అని ఎర్రగా ఉంది. కొంచెం కిందికి జరిపితే దాదాపు అందరి పేర్లూ ఎర్రగానే ఉన్నాయి, ఎందుకంటే మేం అప్పుకు 30 రోజుల గడువు పెట్టాం. ఆ ఎరుపు పక్కనే రైతుకు గుర్తుచేసే మెసేజ్ పంపే బటన్.

"ఇది ఎప్పుడైనా నొక్కారా బాబాయ్?" అని అడిగాను.

"ఎందుకు నొక్కుతా? వానాకాలంలో విత్తనం తీసుకుపోయినోడు మిర్చి అమ్ముకున్నాక ఇస్తడు. నడిమధ్యన మెసేజ్ పెడితే, వీడు నన్ను నమ్మట్లేదని పక్క షాపుకు పోతడు" అన్నాడు.

తిరుగు బస్సులో కూర్చుని ఆ మధ్యాహ్నం గురించే ఆలోచించాను. మీరు అడిగిన లెవెల్స్ నాకు నిజంగా అర్థమైంది ఆ నాలుగైదు గంటల ప్రయాణంలోనే. పెట్టె వెడల్పు పెంచి, మాట మార్చి, రంగు సరిచేస్తే అది మంచి పనే. మూడేళ్లలో ఎవరికైనా వచ్చి తీరాల్సిన పని. కానీ దాంతో సీనియర్ కాలేరు. 30 రోజుల గడువు అసలు ఎందుకు పెట్టాం, ఈ బటన్ ఎవరికి కావాలి అని వెనక్కి వెళ్లి అడగడం వేరే పని. అది నన్ను ఎవరూ చేయమనలేదు.

ఆఫీసుకు వెళ్లి రెండు పేజీలు రాశాను. ఒక్క స్క్రీన్ కూడా జతచేయలేదు. షాపులో చూసింది, ఆయన అన్నది, ఆ బటన్ తీసేయాలని ఎందుకంటున్నానో రాశాను. పెద్ద గొడవే అయింది. రోజుకు ఎన్ని మెసేజ్‌లు వెళ్తున్నాయన్నదే ఆ మూడు నెలలకు ప్రొడక్ట్ మేనేజర్ టార్గెట్. ఒక్క షాపు మాట పట్టుకుని ఎలా తీసేస్తాం అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. మరో నాలుగు షాపులకు వెళ్లాను. ఒక డిజైన్‌ను పరీక్షించడానికి దాన్ని వాడేవాళ్లు ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసినదాని మీద చాలామంది వాదిస్తారు గానీ, నా అనుభవంలో ఐదుగురు కూడా ఎక్కువే. రెండో షాపులోనే అదే మాట విన్నాను. చివరికి 30 రోజుల గడువు తీసేసి, అప్పు రాసేటప్పుడు ఏ పంటకో ఎంచుకునేలా మార్చాం. మిర్చి, పత్తి, వరి. ఆ పంట అమ్మకాలు మొదలయ్యే రోజుల్లో షాపాయనకు ఒక లిస్టు కనిపిస్తుంది. రైతుకు మాత్రం ఏ మెసేజూ వెళ్లదు. ఆ తర్వాతి రివ్యూలో నాకు సీనియర్ ఇచ్చారు. రివ్యూలో మా మేనేజర్ ముందు పెట్టుకున్నది ఆ రెండు పేజీలే.

సీనియర్ పైన ఉండే స్టాఫ్, ప్రిన్సిపల్ సంగతి నాకు ఇంకో రెండేళ్లకు గానీ తెలియలేదు. ఆ తెగిపోయే పెట్టె మా ఒక్క టీమ్‌ది కాదు, అన్ని టీమ్‌లూ తమ స్క్రీన్లలో వాడుకునే రెడీమేడ్ ముక్క, కాంపొనెంట్ అంటారు. అందరి స్క్రీన్లలోనూ తెలుగు తెగుతూనే ఉంది. లైన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా పెట్టారు, లక్ష్మి అని పేరు వస్తే కింది ఒత్తు సగం కోసుకుపోయేది. నా స్క్రీన్ బాగుచేసుకుంటే సరిపోదని అప్పుడు అర్థమైంది. ముందు తెలుగు మాటలతో నింపి చూడకుండా ఏ స్క్రీనూ డెవలపర్ల దగ్గరకు వెళ్లకూడదని నియమం పెట్టించాను. దానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది నేను గీసింది చాలా తక్కువ, మాట్లాడింది ఎక్కువ.

మేనేజర్ అయితేనే ఎదిగినట్టని మన ఇళ్లలో అనుకుంటారు. ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ "నీ కింద ఎంతమంది పనిచేస్తున్నారు నాన్నా?" అని అడుగుతుంది. స్టాఫ్ డిజైనర్ కింద ఎవరూ ఉండకపోవచ్చు. అయినా చాలా కంపెనీల్లో అది మేనేజర్‌కు సమానమైన మెట్టు. మనుషుల్ని చూసుకోవడం మీకు ఇష్టమైతే ఆ దారికి వెళ్లండి, జీతం కోసమో బంధువుల కోసమో మాత్రం వెళ్లకండి.

బిరుదుల గురించి కూడా చెప్పాలి. పదిమంది ఉన్న కంపెనీలో ఒక్కడే డిజైనర్ ఉంటే అతనికి హెడ్ ఆఫ్ డిజైన్ అని కార్డు ఇచ్చేస్తారు. పెద్ద కంపెనీకి మారగానే మామూలు ప్రొడక్ట్ డిజైనర్‌గా తీసుకుంటారు. ఆ కుర్రాడు ఎంత నలిగిపోతాడో నేను దగ్గరగా చూశాను. ఇంటర్వ్యూలో అసైన్‌మెంట్ పేరుతో మూడు రోజుల పని ఉచితంగా చేయించుకునే పద్ధతి కూడా అన్యాయం. పైసా ఇవ్వరు, చివరికి జవాబు కూడా రాయరు. అలాంటివి అడిగితే ఒప్పుకోకండి.

ఇంకో బాధ ఉంది. రివ్యూల్లో ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లే పైకి వెళ్తున్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మంచి ఆలోచన ఉండి కూడా మీటింగ్‌లో నోరు పెగలక ఊరుకున్న రోజులు చాలా ఉన్నాయి. మీకూ అదే ఇబ్బంది ఉంటే ముందురోజే రాసి పంపండి. రాసింది అందరూ చదివాక మీటింగ్‌లో మీరు చెప్పాల్సింది కొంచెమే మిగులుతుంది. మీరు అడిగినట్టు ఒక స్కిల్ పేరు చెప్పాలంటే నేను రాయడమే చెప్తాను. సర్టిఫికెట్ కోర్సుకు కట్టే డబ్బు బస్సు టికెట్లకు పెట్టండి.

ఇక మీ మేనేజర్‌ను కలిసినప్పుడు "నాలో ఏ స్కిల్ తక్కువ?" అని అడగకండి. ఏ సమస్య నాకు పూర్తిగా వదిలేయడానికి ఇంకా వెనకాడుతున్నారు అని అడగండి. దానికి వచ్చే జవాబుతో ఆరు నెలల పని దొరుకుతుంది.

మీ యాప్‌ను ఎవరు వాడతారో ప్రశ్నలో రాయలేదు. కింద రాయండి. వాళ్ల దగ్గరకు వెళ్తే ముందు ఏం చూడాలో, ఏం అడగకూడదో నాకు తెలిసినంత చెప్తాను.