సెప్టెంబరులో అమెరికాకు వస్తున్నవారి చలి సందేహాలు

“సెప్టెంబరులో అమెరికాలో చలి ఎలా ఉంటుంది, స్వెటర్లు ఎన్ని తెచ్చుకోవాలి?” అని అడిగేవారిని ముందుగా ఏ ఊరికి వస్తున్నారని అడుగుతాను. అది తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా, అది వారి ఊరి వాతావరణమే తప్ప మీది కాదు.

పంచాంగం మాట ఎలా ఉన్నా, ఇక్కడి క్యాలెండరు ప్రకారం వేసవి ముగిసేది సెప్టెంబరు 22 లేదా 23న. అప్పటికీ ఫీనిక్స్‌లో పగటి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 38కి, అటూఇటూగా ఉంటుంది. వెర్మాంట్ ఉత్తరాన మాత్రం ఆకులు ఎర్రబడుతుంటాయి. శాన్ ఫ్రాన్సిస్కోది మరో తీరు: వేసవంతా సముద్రం మీది నుంచి వచ్చి కమ్ముకునే పొగమంచు తగ్గాక, సెప్టెంబరులోనే ఆ నగరానికి అసలైన ఎండ దొరుకుతుంది.

డెన్వర్‌కు వచ్చేవారు మాత్రం ఒక జాకెట్‌ను పెట్టె అడుగున కాక పైనే పెట్టుకోవాలి. 2020 సెప్టెంబరు 5న అక్కడ 101 డిగ్రీల ఎండ కాసింది. 8వ తేదీన మంచు కురిసింది. మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డు నిలిచినట్టు ఇక్కడి మైదానాలకు ఏ కొండల వరుసా అడ్డు లేదు కనుక, కెనడా వైపు నుంచి చలిగాలి ఒక్కసారిగా దిగివస్తుంది. బరువైన కోటు మాత్రం ఊరి చలి చూసుకుని ఇక్కడే కొనుక్కోవడం మేలు.

ఫ్లోరిడా, టెక్సాస్ తీరాలకు వచ్చేవారు చలి సంగతి పక్కన పెట్టి తుఫానుల గురించి ఆలోచించాలి. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉన్నా, ఉధృతి ఎక్కువగా ఉండేది సెప్టెంబరు 10 ప్రాంతంలోనే. సముద్రానికి దూరంగా ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు: 2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్ తుఫాను, ఎక్కడో నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఆష్‌విల్ నగరాన్ని వరదలో ముంచెత్తింది. అద్దె ఇంటికి తీసుకునే మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి వర్తించదు. కేంద్ర ప్రభుత్వ వరద బీమా అద్దెకున్నవారూ తీసుకోవచ్చు గాని, అది సాధారణంగా 30 రోజులు గడిస్తే గాని అమలులోకి రాదు. టీవీలో తుఫాను కనబడ్డాక కట్టి లాభం లేదు.

న్యూయార్క్ నగరంలో అద్దెకు దిగేవారికి సెప్టెంబరు చివరి రాత్రులే ఇబ్బంది. ఇంటి యజమాని హీటింగ్ ఇవ్వాలన్న నిబంధన అక్టోబరు 1 నుంచి మే 31 వరకే ఉంటుంది కనుక, అంతకు ముందు చలివేస్తే రగ్గే గతి. వెచ్చదనం కోసం గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి ఉంచడం ప్రాణాపాయం; దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. అక్టోబరు నుంచి, ఉదయం 6 మొదలు రాత్రి 10 వరకు, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ ఉన్నప్పుడు లోపల కనీసం 68 ఉండాలి. రాత్రివేళ బయట ఎంతున్నా లోపల 62 తగ్గకూడదు. యజమానికి చెప్పినా వేడి రాకపోతే నగర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.